ఇంట్లోవాళ్ళ కోసం కంప్యూటర్: డబ్బుకు తగిన విడిభాగాలను ఎంచుకోవడం ఎలా

ఊళ్ళో ఉన్న అక్కకో, నాన్నగారికో, ఇంజనీరింగ్‌లో చేరిన మేనకోడలికో కంప్యూటర్ కొనిపెట్టే బాధ్యత మీ మీద పడితే, రాబోయే ఆరేడేళ్ళపాటు దానికి సర్వీస్ సెంటర్ కూడా మీరే అవుతారు. అది ఆగిపోయిన రోజున ఫోన్ మొదట మీకే వస్తుంది. అందుచేత ఏ భాగానికి ఎంత పెట్టాలన్న ప్రశ్నకు నా సమాధానం ముందుగానే చెబుతాను: కంప్యూటర్ ఆగిపోకుండా కాపాడే భాగాలకూ, వాడే మనిషి కంటికీ చేతికీ అందే భాగాలకూ మొదట డబ్బు తీసి పక్కన పెట్టండి, మిగిలినదానితో ప్రాసెసర్ కొనండి. దుకాణాలు ఇచ్చే కొటేషన్ సాధారణంగా దీనికి తలకిందులుగా ఉంటుంది. ప్రాసెసర్ పేరు మొదటి వరుసలో మెరుస్తుంది, కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ దగ్గరకు వచ్చేసరికి కంపెనీ పేరైనా లేకుండా "450 వాట్స్" అని రాసి వదిలేస్తారు.

మాట గాలిలో తేలకుండా ఒక ఉదాహరణను పట్టుకుని నడుద్దాం. ఖమ్మంలో అక్కగారి ఇల్లు అనుకోండి. మేనకోడలు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో ఉంది. సి, పైథాన్ ప్రోగ్రాములు రాయాలి, పాఠాలు వినాలి. బావగారు దుకాణం లెక్కలు ట్యాలీలో రాస్తారు, జీఎస్టీ రిటర్నులు తామే వేసుకుంటారు. అక్క తెలుగు పత్రికలు చదువుతుంది, అమెరికాలో ఉన్న కొడుకుతో రాత్రిపూట వీడియో కాల్‌లో మాట్లాడుతుంది. విండోస్ లైసెన్స్ కాకుండా, మానిటర్, యూపీఎస్ కలుపుకుని 55 వేల రూపాయలు దాటకూడదు. మీ ఇంటి అవసరం ఇంతకంటే చిన్నదైనా పెద్దదైనా, ఆలోచించే వరుస మాత్రం ఇదే ఉంటుంది.

మొదటి అడుగు: మనిషినీ, ఇంటినీ తెలుసుకోండి

"దేనికి వాడతారు?" అని అడిగితే "మామూలు పనులకే" అన్న జవాబు వస్తుంది, దానితో మీకు ఏమీ తెలియదు. "ఈ నెలలో ఫోన్‌లో చేయలేక ఏ పని ఆగిపోయింది?" అని అడిగి చూడండి. అసలు అవసరాలు అప్పుడు బయటపడతాయి. మన ఉదాహరణలో బావగారు ట్యాలీ పేరు చెప్పగానే ఒక విషయం తేలిపోతుంది: ట్యాలీ విండోస్ మీదే నడుస్తుంది గనుక ఈ ఇంటికి విండోస్ తప్పదు. ఆయన రిటర్నుల మీద సంతకానికి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వాడుతుంటే, ముందువైపు చేతికి అందే యూఎస్‌బీ పోర్టు ఒకటి ఖాళీగా ఉండాలి. అదే ఇంట్లో కేవలం బ్రౌజర్, వీడియోలు, ఉత్తరాలు మాత్రమే ఉంటే లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థతో సరిపెట్టి, ఆ లైసెన్స్ డబ్బును మంచి మానిటర్‌కు మళ్ళించవచ్చు.

తర్వాత ఇంటిని చూడండి. కంప్యూటర్ పెట్టబోయే బల్ల, దాని పక్కన ఉన్న ప్లగ్ పాయింటు, వైఫై రౌటర్ ఉన్న చోటు, ఈ మూడింటి ఫొటోలు వాట్సాప్‌లో తెప్పించుకోండి. ఇన్వర్టర్ ఉందా, ఉంటే దాని లైను ఆ గదికి వస్తుందా అన్నది కూడా అడగండి. రౌటర్ వేరే గదిలో ఉంటే వైఫై కార్డుకో, యూఎస్‌బీ అడాప్టర్‌కో కొంత డబ్బు లెక్కలో వేసుకోవాలి, ఎందుకంటే చవక మదర్‌బోర్డుల్లో (భాగాలన్నిటినీ కలిపే పలకల్లో) సాధారణంగా వైఫై ఉండదు. కంప్యూటర్ ఇంటికి చేరాక "నెట్ ఎలా వస్తుంది?" అన్న ప్రశ్న రావడం చాలా ఇళ్ళలో జరిగేదే.

రెండో అడుగు: కరెంటు సంగతి తేల్చుకోండి

విడిభాగాల జాబితాలో ఎక్కడా కనిపించని వస్తువు ఎర్తింగ్. ప్రతి మంచి ఎస్ఎంపీఎస్‌లోనూ కరెంటులోని అనవసరపు తరంగాలను వడకట్టే ఫిల్టర్ ఉంటుంది. అందులో ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి, రెండు చిన్న కెపాసిటర్లు ఎర్త్ తీగకు కలిసి ఉంటాయి. ఇంట్లో ఎర్త్ సరిగ్గా ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే కేబినెట్ రేకు మీద సరఫరా వోల్టేజిలో దాదాపు సగం, అంటే 110 వోల్టులకు అటూఇటూగా, నిలిచి ఉంటుంది. కాళ్ళకు చెప్పుల్లేకుండా కేబినెట్ మీద చేయి వేస్తే జివ్వుమనేది ఇందువల్లే. అందులో ప్రవహించే కరెంటు చాలా స్వల్పం కాబట్టి సాధారణంగా మనిషికి ప్రమాదం ఉండదు; కానీ ఆ స్థితిలో హెచ్‌డీఎంఐ కేబులో, ప్రింటర్ యూఎస్‌బీ కేబులో పెడితే పోర్టు కాలిపోయే అవకాశం ఉంది. పైగా లోపల నిజంగానే ఫేజ్ తీగ రేకుకు తగిలిన రోజున మనిషిని కాపాడేది ముఖ్యంగా ఎర్తే. పాత ఇళ్ళలో ప్లగ్‌కు మూడో రంధ్రం ఉంటుంది గాని, దాని వెనక తీగ ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి చూపించమని చెప్పండి. మూడో పిన్ను విరగగొట్టి రెండు పిన్నుల ప్లగ్‌లో గుచ్చే అలవాటును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఒప్పుకోకండి.

ఇక యూపీఎస్. గ్రాఫిక్స్ కార్డు లేని ఇంటి కంప్యూటర్, మానిటర్ కలిసి మామూలు పనిలో 100 వాట్లకు లోపే తీసుకుంటాయి గనుక 600 వీఏ యూపీఎస్ సరిపోతుంది. కొత్త బ్యాటరీ మీద పావుగంటో ఇరవై నిమిషాలో నిలబడుతుంది. ట్యాలీ మూసి, ఫైలు దాచుకుని, కంప్యూటర్‌ను పద్ధతిగా ఆపడానికి అంత సమయం చాలు. రెండు మూడేళ్ళకు బ్యాటరీ మార్చవలసి వస్తుందని ఇంట్లోవాళ్ళకు ఇప్పుడే చెప్పి ఉంచండి. ఇంట్లో సైన్‌వేవ్ ఇన్వర్టర్ ఉండి, దాని లైను ఆ గదికి వస్తుంటే వెనకవైపు ఉన్న మీటను "యూపీఎస్ మోడ్"లో పెట్టి పరీక్షించండి. కరెంటు పోయినప్పుడు కంప్యూటర్ ఆరిపోకపోతే వేరే యూపీఎస్ కొనే పని లేదు.

మూడో అడుగు: ఎస్ఎంపీఎస్ లేబుల్ చదవడం నేర్చుకోండి

డబ్బు మిగల్చడానికి ఎక్కువమంది కోత పెట్టేది ఇక్కడే. కోత పెట్టకూడనిదీ ఇక్కడే. కేబినెట్‌తో పాటు "ఉచితంగా" వచ్చే ఎస్ఎంపీఎస్‌ను చేతిలోకి తీసుకుని పక్కనున్న లేబుల్ చూడండి. పైన పెద్ద అంకెల్లో 450 వాట్లు అని ఉంటుంది. దాని కింద చిన్న పట్టికలో ప్లస్ 12 వోల్టుల గడి ఎదురుగా ఎన్ని ఆంపియర్లు రాశారో వెతకండి. ఈ కాలపు ప్రాసెసర్ తన కరెంటునంతా ఆ 12 వోల్టుల తీగల మీదనే తీసుకుంటుంది. నిజమైన 450 వాట్ల ఎస్ఎంపీఎస్‌లో ఆ గడిలో 36 ఆంపియర్లకు దగ్గరగా ఉంటుంది. 12ను 36తో హెచ్చిస్తే 432 వాట్లు. ఉచితపు సరుకులో అక్కడ 14 అనో 16 అనో కనిపిస్తుంది. అంటే పనికొచ్చే శక్తి 200 వాట్లకు లోపే. బరువు కూడా చేతికి తెలిసిపోతుంది: మంచిది బరువుగా ఉంటుంది, రెండోది ఖాళీ డబ్బాలా పైకి లేస్తుంది.

మన ఇంటి కంప్యూటర్ 150 వాట్లు కూడా తీసుకోనప్పుడు ఆ 200 చాలదా అన్న సందేహం రావచ్చు. వాట్లు చాలవచ్చు, కానీ వోల్టేజి ఒక్కసారి ఎగిసినప్పుడు తాను ఆగిపోయి బోర్డునూ, ఫైళ్ళు దాచే ఎస్ఎస్‌డీనీ కాపాడే రక్షణ సర్క్యూట్ల దగ్గరే ఆ చవక సరుకులో పొదుపు చేసి ఉంటారు. అది పోయే రోజున ఒంటరిగా పోదు. అందువల్ల కార్సెయిర్, డీప్‌కూల్, యాంటెక్, కూలర్ మాస్టర్ వంటి కంపెనీల్లో ఒకదాని నుంచి, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉన్న 450 వాట్ల ఎస్ఎంపీఎస్‌ను విడిగా కొనండి. వారంటీ కనీసం మూడేళ్ళు ఉండాలి, అయిదేళ్ళు ఉంటే ఇంకా మంచిది. కేబినెట్ కొనేటప్పుడు "ఎస్ఎంపీఎస్ లేకుండా" అని స్పష్టంగా చెప్పండి.

నాలుగో అడుగు: మానిటర్

ఆరేడేళ్ళపాటు రోజూ కంటికి ఎదురుగా ఉండేది ఇదే, తర్వాత ప్రాసెసర్ మార్చినా మారకుండా మిగిలేదీ ఇదే. 24 అంగుళాల, 1920×1080 పిక్సెళ్ళ ఐపీఎస్ ప్యానెల్ తీసుకోండి. టీఎన్ ప్యానెల్ కొంచెం చవకగా దొరుకుతుంది గాని, పక్క నుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. వీడియో కాల్‌లో నలుగురూ గుమిగూడి చూసే ఇంట్లో అది పనికిరాదు. తెలుగు చదివేవారికి ఇక్కడ ఇంకో శ్రద్ధ అవసరం. మన అక్షరాలకు తలకట్టు పైన, వత్తు కింద ఉంటాయి. చిన్న సైజులో "ష్ట", "ర్థ్య" వంటివి నాసిరకం తెర మీద మసకగా కలిసిపోతాయి. దుకాణంలో మానిటర్ ఆన్ చేయించి, ఏదైనా తెలుగు పత్రిక పేజీ తెరిపించి, మీరు కూర్చునే దూరం నుంచి చదివి చూడండి. ఎదురుగా ఆడుతున్న రంగురంగుల డెమో వీడియో మీకు ఏమీ చెప్పదు.

పెట్టె మీద స్పీకర్లు ఉన్నాయో లేదో చదవండి. చవక మోడళ్ళలో చాలావాటికి ఉండవు. వెబ్‌క్యామ్ డెస్క్‌టాప్ మానిటర్లలో దాదాపుగా ఉండదు కాబట్టి, మైక్ కలిసి ఉన్న 1080పీ వెబ్‌క్యామ్ ఒకటి జాబితాలో ముందే రాసుకోండి. ఈ ఒక్క చిన్న వస్తువు మరిచిపోతే అక్క దృష్టిలో కంప్యూటర్ మొత్తం అసంపూర్తిగా ఉన్నట్లే.

అయిదో అడుగు: ఎస్ఎస్‌డీ, ర్యామ్

"కంప్యూటర్ నెమ్మదిగా ఉంది" అన్న ఫిర్యాదుకు చాలా ఇళ్ళలో కారణం పాత హార్డ్ డిస్క్. హార్డ్ డిస్క్ సెకనుకు 150 మెగాబైట్ల చుట్టూ చదివితే, కేబుల్‌తో కలిపే సాటా ఎస్ఎస్‌డీ 550 వరకు, మదర్‌బోర్డు మీద నేరుగా బిగించే ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీలు 3,000 దాటి చదువుతాయి. ఈ రెండు రకాల ఎస్ఎస్‌డీల మధ్య తేడా ఇంటి పనుల్లో పెద్దగా తెలియదు. హార్డ్ డిస్క్ నుంచి ఏ ఎస్ఎస్‌డీకి మారినా తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ధరలు దగ్గరదగ్గరగా ఉంటాయి గనుక ఎన్‌వీఎంఈలోనే 500 జీబీ తీసుకోండి. 256 జీబీతో సరిపెట్టకండి: విండోస్, దాని అప్‌డేట్లు, వాట్సాప్ ఫొటోలు కలిసి ఏడాదిలోనే దాన్ని నింపేస్తాయి. డబ్ల్యూడీ, కింగ్‌స్టన్, శామ్‌సంగ్ వంటి తెలిసిన పేర్లకే పరిమితం కండి. వారంటీ మూడేళ్ళదా, అయిదేళ్ళదా అన్నది చూసుకోండి.

ర్యామ్ 16 జీబీ ఉండాలి, అదీ 8 జీబీ కర్రలు రెండుగా. ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌లో తెర మీద బొమ్మ గీసే పనికి కూడా ఇదే ర్యామ్ వాడుకోబడుతుంది; ఒక్క కర్ర ఉంటే డేటాకు దారి ఒకటే, రెండుంటే దారులు రెండు (దీన్నే డ్యూయల్ చానల్ అంటారు). 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగి, వారం వారం మారుతున్నాయి కాబట్టి బడ్జెట్‌కు అందకపోతే ఇప్పటికి ఒక 8 జీబీ కర్రతో మొదలుపెట్టి, రెండో స్లాటు ఖాళీగా ఉంచుకుని, తర్వాత అదే కంపెనీ, అదే వేగం ఉన్న మరొకటి చేర్చండి. ఎస్ఎంపీఎస్ నాణ్యత తగ్గించి ర్యామ్ పెంచే ఆలోచన కంటే ఇది ఎంతో మేలు.

ఆరో అడుగు: ప్రాసెసర్, మదర్‌బోర్డు

ఇప్పుడు మిగిలిన డబ్బుతో ఇక్కడికి రావాలి. ఈ ఇంటికి డీడీఆర్4 రకం ర్యామ్‌తో నడిచే రెండు దారులు సరిపోతాయి.

ఒకటి ఇంటెల్ ఐ3-12100, హెచ్610 బోర్డు. 2022లో వచ్చిన ఈ ప్రాసెసర్‌లో నాలుగు కోర్లు (పని చేసే విభాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు) ఉన్నాయి. ట్యాలీ, ఎక్సెల్, బ్రౌజర్ వంటి పనులు ఎక్కువగా ఒకటి రెండు కోర్ల వేగం మీద ఆధారపడతాయి. అందులో ఇది చాలా చురుకైనది. యూట్యూబ్ ఇప్పుడు చాలా వీడియోలను కుదించడానికి వాడుతున్న ఏవీ1 పద్ధతిని ఇందులోని గ్రాఫిక్స్ భాగం సొంతంగా విప్పగలదు కాబట్టి, గంటల తరబడి పాఠాలు ఆడినా ప్రాసెసర్ మీద బరువు పడదు. అవసరం పెరిగితే అదే బోర్డులో బయోస్ (బోర్డును మొదలుపెట్టే లోపలి ప్రోగ్రాము) అప్‌డేట్ చేసి 13, 14వ తరం ఐ5 బిగించుకోవచ్చు. పేరు చివర "ఎఫ్" అక్షరం ఉన్న ఐ3-12100ఎఫ్ మాత్రం తీసుకోకండి. అది కాస్త చవక, కానీ అందులో గ్రాఫిక్స్ భాగం ఉండదు; మానిటర్ పెట్టినా తెర వెలగదు, వేరే కార్డు కొనాలి.

రెండోది ఏఎండీ రైజెన్ 5 5600జీ, లేదా దాని తర్వాత వచ్చిన 5600జీటీ, ఏ520 గాని బీ550 గాని బోర్డుతో. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు ఉంటాయి. లోపలి గ్రాఫిక్స్ ఇంటెల్‌దానికంటే బలమైనది. మేనకోడలు అప్పుడప్పుడు చిన్న గేములు ఆడుతుందన్నా, వీడియో ఎడిటింగ్ నేర్చుకోవాలనుకుంటోందన్నా ఇదే నయం. దీనికి ఏవీ1 వీడియో సొంతంగా విప్పడం రాదు, ఆ పని కోర్లే చేస్తాయి. ఆరు కోర్లు ఉన్నాయి గనుక ఆగిపోదు, కొంచెం ఎక్కువ కరెంటు తీసుకుంటుందంతే. ఎస్ఎస్‌డీ, కార్డులు వాడుకునే పీసీఐఈ దారిలో ఈ ప్రాసెసర్లు మూడో తరం (3.0) వరకే ఇస్తాయి కాబట్టి "జెన్ 4" ఎస్ఎస్‌డీకి అదనంగా డబ్బు పెడితే ఆ అదనపు వేగం అందదు.

ఖమ్మం ఇంటికి నేనైతే మొదటి దారినే ఎంచుకుంటాను. బావగారి ట్యాలీ, మేనకోడలి ప్రోగ్రాములు, అక్క వీడియోలు, వీటిలో దేనికీ అంతకుమించి అవసరం లేదు. అలా మిగిలిన రెండు మూడు వేలతో మంచి ఎస్ఎంపీఎస్ వస్తుంది. విడి గ్రాఫిక్స్ కార్డు ఈ ఇంటికి అక్కర్లేదు. మూడో సంవత్సరంలో మేనకోడలికి నిజంగా అవసరం పడితే అప్పుడు చేర్చుకోవడానికి బోర్డులో స్లాటు ఉంటుంది, దాన్ని భరించగల ఎస్ఎంపీఎస్ కావాలో లేదో కార్డును బట్టి అప్పుడు చూసుకోవచ్చు.

మదర్‌బోర్డు విషయంలో చూడవలసినవి కొన్నే. ర్యామ్‌కు రెండు స్లాట్లు, ఎన్‌వీఎంఈకి స్లాటు, వెనకవైపు హెచ్‌డీఎంఐ ఉండాలి. హెచ్610 బోర్డుల్లో డీడీఆర్4వి వేరు, డీడీఆర్5వి వేరు. ఒకదాని ర్యామ్ మరొకదానిలో దిగదు. బిల్లు వేయించే ముందు బోర్డు పూర్తి పేరు, ర్యామ్ రకం పక్కపక్కన పెట్టి చదవండి.

ఈ అడుగులోనే ఒక మోసం గురించి గట్టిగా హెచ్చరించాలి. "ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 ఎస్ఎస్‌డీ, కొత్తది" అంటూ పదిహేను వేలకే అసెంబుల్డ్ కంప్యూటర్లు అమ్మకానికి కనిపిస్తాయి. అందులో బోర్డు హెచ్61 అని ఉంటే ప్రాసెసర్ రెండో తరానిదో, మూడో తరానిదో, అంటే 2011, 2012 నాటిది. పాత ప్రాసెసర్‌ను పేరులేని కొత్త బోర్డు మీద కూర్చోబెట్టి, కొత్త కేబినెట్‌లో పెట్టి అమ్ముతారు. ఐ5, ఐ7 అన్న మాటకు తరం అంకె లేకుండా విలువ లేదు: 2013 నాటి ఐ7 కంటే 2022 నాటి ఐ3 ఎంతో వేగవంతమైనది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో 8వ తరం, ఏఎండీలో రైజెన్ 2000 శ్రేణి గాని ఆ పైవి గాని ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి. బడ్జెట్ నిజంగానే ఇరవై వేల లోపు అయితే, ఆఫీసుల నుంచి వచ్చిన డెల్, హెచ్‌పీ, లెనోవో రీఫర్బిష్డ్ (బాగుచేసి మళ్ళీ అమ్మే) డెస్క్‌టాప్‌లలో ఐ5-8500 ఉన్నదాన్ని వెతకండి. ఆరు కోర్ల ఆ ప్రాసెసర్ నాన్నగారి పత్రికలకూ, బ్యాంకు పనులకూ ఇప్పటికీ చక్కగా సరిపోతుంది.

కేబినెట్, చిన్న వస్తువులు

అద్దం పక్కపలక, రంగుల లైట్లు ఉన్న కేబినెట్‌ను పార్సిల్‌లో పంపవలసిన ఇంటికి కొనకండి. ముందువైపు గాలి పోయే జాలి, దాని వెనక ఊడదీసి కడుక్కోగల దుమ్ము ఫిల్టర్, రెండు వైపులా రేకు పలకలు ఉంటే చాలు. మన ఇళ్ళలో చీమలు, బల్లులు వెచ్చని చోటు వెతుక్కుంటూ లోపలికి చేరతాయి కాబట్టి, వెనకవైపు ఖాళీ స్లాట్లకు రేకు మూతలు ఉన్నాయో లేదో చూసి తీసుకోండి. కీబోర్డు, మౌస్ వైరువే మేలు. వైర్‌లెస్ మౌస్‌లో బ్యాటరీ అయిపోయిన ప్రతిసారీ "కంప్యూటర్ పనిచేయడం లేదు" అన్న ఫోన్ వస్తుంది.

ఏడో అడుగు: కొనడం

హైదరాబాద్ వైపు ఉంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అందరూ సీటీసీ అనే చోటుకు, వారం మధ్యలో ఒక ఉదయం వెళ్ళండి. చెన్నైలో ఉన్నవారికి రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఉన్నవారికి ఎస్‌పీ రోడ్ అటువంటివే. పూర్తి మోడల్ నంబర్లతో మీ జాబితాను కాగితం మీద రాసుకుని వెళ్ళి, మూడు నాలుగు దుకాణాల్లో జీఎస్టీతో కలిపిన ధర అడగండి. "ఆ మోడల్ లేదు, దానికంటే మంచిది ఉంది" అన్నప్పుడు ఆ కొత్త మోడల్ పేరు రాసుకుని, బయటకు వచ్చి ఫోన్‌లో చూసుకుని, అప్పుడు నిర్ణయించండి. అక్కడికక్కడ ఒప్పుకోకండి. ఒక్క భాగం ఇంకో చోట మూడు వందలు తక్కువకు దొరికినా, బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ ఒకే దుకాణంలో కొనడం మంచిది; తేడా వచ్చినప్పుడు "తప్పు వాళ్ళ సరుకుది" అని ఒకరి మీద ఒకరు చెప్పుకునే వీలుండదు.

పెట్టెల మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ ముద్రించిన లేబుల్ ఉండాలి. అది లేని సరుకు అడ్డదారిలో వచ్చినదై ఉండవచ్చు, దానికి ఇక్కడి సర్వీస్ సెంటర్‌లో వారంటీ దొరకకపోవచ్చు. ప్రాసెసర్ సీలు ఉన్న పెట్టెలోనే, కూలర్‌తో సహా తీసుకోండి; పెట్టె లేని ట్రే ప్రాసెసర్‌కు కంపెనీ మూడేళ్ళ వారంటీ ఉండదు. బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరు రాయించండి. బిల్లు లేకుండా 18 శాతం తగ్గిస్తామంటే ఒప్పుకోకండి, ఆ మిగులు మొదటి రిపేరుకే ఖర్చయిపోతుంది. కంప్యూటర్ దుకాణం పనికీ వాడుతున్నారు గనుక బిల్లును బావగారి జీఎస్టీ నంబరు మీద తీసుకోవచ్చా, ఎంతవరకు పన్ను తిరిగి లెక్కలోకి వస్తుందన్నది ఆయన ఆడిటర్‌ను ముందే అడిగి పెట్టుకోండి.

ఎనిమిదో అడుగు: బిగించడం, పరీక్షించడం

మీకు అలవాటు లేకపోతే కొన్న దుకాణంలోనే బిగించమనండి, పక్కనే నిలబడి చూడండి. ప్రాసెసర్ మూలనున్న చిన్న త్రికోణం సాకెట్ మీది గుర్తుతో కలవాలి. ఏ బలమూ లేకుండా దానంతట అది కూర్చోవాలి. కూలర్‌ను ఎదురెదురు మూలలు జతలుగా బిగించాలి. ర్యామ్ రెండు కర్రలూ "టక్" మని చప్పుడయ్యేదాకా నొక్కాలి. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డు వెనకున్న హెచ్‌డీఎంఐలో పెట్టాలి.

పంపేముందు రెండు మూడు రోజులు మీ దగ్గర ఉంచుకుని నడపండి. బయోస్‌లోకి వెళ్ళి ర్యామ్ పెట్టె మీద రాసిన వేగంతోనే నడుస్తోందో లేదో చూసి, లేకపోతే ర్యామ్‌ను ఆ వేగంతో నడిపే ఎక్స్ఎంపీ సెట్టింగును ఆన్ చేయండి. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాములో మెమరీ పేజీ తెరిస్తే డ్యూయల్ చానల్ పనిచేస్తోందా అన్నది, సీపీయూ పేజీ తెరిస్తే ప్రాసెసర్ మీరు డబ్బిచ్చినదేనా అన్నది తెలుస్తుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాములో ఎస్ఎస్‌డీ నడిచిన గంటలు మొదటిరోజే చూడండి. కొత్తదానికి అవి ఒకటి రెండే ఉండాలి, వందల్లో ఉంటే వాడిన సరుకు, వెంటనే తిరిగి ఇవ్వండి. ఒక రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడపండి. పొద్దున ఒక్క తప్పు చూపించినా ఆ ర్యామ్ మార్పించండి. చివరగా యూపీఎస్ ప్లగ్ గోడ నుంచి లాగి, కంప్యూటర్ ఆరిపోకుండా నిలబడుతోందో లేదో చూడండి. కొన్ని యూపీఎస్‌లూ కొన్ని ఎస్ఎంపీఎస్‌లూ ఒకదానితో ఒకటి కలవవు, ఆ సంగతి మీ ఇంట్లోనే తెలియడం మంచిది.

తొమ్మిదో అడుగు: విండోస్ సిద్ధం చేసి పంపడం

విండోస్ 11ను వాడేవారి సొంత మైక్రోసాఫ్ట్ ఖాతాతోనే మొదలుపెట్టండి, మీ ఖాతాతో వద్దు. 24హెచ్2 వెర్షన్ నుంచి కొత్తగా వేసిన విండోస్ 11, మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించగానే చాలా కంప్యూటర్లలో డిస్క్‌ను తనంతట తానే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే కీ లేనిదే చదవలేని రూపంలోకి మారుస్తుంది. తర్వాత ఎప్పుడైనా బోర్డు మార్చినా, బయోస్ అప్‌డేట్ చేసినా 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది లేకపోతే బావగారి లెక్కలన్నీ తాళం పడిన గదిలో ఉండిపోతాయి. ఆ కీని ఆయన ఖాతా నుంచి తీసి, కాగితం మీద అచ్చు వేసి, బిల్లుతో కలిపి బీరువాలో పెట్టించండి. ట్యాలీ డేటాకు వారానికొకసారి పెన్‌డ్రైవ్‌లో బ్యాకప్ తీయడం ఆయన చేతనే ఒకసారి చేయించి చూపండి.

మేనకోడలికీ, అక్కకూ స్టాండర్డ్ ఖాతాలు తెరవండి, అప్పుడు ఏ ప్రోగ్రాము పడితే అది దిగదు. భాషల సెట్టింగుల్లో తెలుగు చేర్చి ఫొనెటిక్ కీబోర్డు పెట్టండి. రోమన్ అక్షరాలతో కొడితే తెలుగులో పడుతుంది, అక్కకు విడిగా కీబోర్డు నేర్చుకునే పని ఉండదు. విండోస్‌లోనే ఉండే క్విక్ అసిస్ట్‌ను టాస్క్‌బార్ మీదకు తెచ్చి ఉంచండి. ఏదైనా ఇబ్బంది వచ్చినప్పుడు మీరు చెప్పిన కోడ్‌ను వారు అందులో కొట్టి అనుమతించగానే మీరు ఇక్కడి నుంచే వారి తెర చూడగలుగుతారు. ఆ కోడ్ మీరు తప్ప ఇంకెవరు ఫోన్ చేసి చెప్పినా కొట్టకూడదని, బ్యాంకు పేరు చెప్పినా సరే కొట్టకూడదని, ముగ్గురికీ విడివిడిగా చెప్పండి.

కేబినెట్ పెట్టె, దాని థర్మాకోల్ పారేయకుండా ఉంచితే బస్సు కార్గోలో పంపేటప్పుడు పనికొస్తాయి. మదర్‌బోర్డు కిందివైపు ఉండేలా కేబినెట్‌ను పడుకోబెట్టి పంపండి. వెనకున్న పోర్టుల ఫొటో తీసి, ఏ కేబుల్ ఎక్కడ పెట్టాలో ఆ ఫొటో మీదే తెలుగులో రాసి వాట్సాప్‌లో పెట్టండి. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు వీడియో కాల్‌లో ఉండండి. ఫ్యాన్ తిరుగుతున్నా తెర మీద ఏమీ రాకపోతే ప్రయాణంలో ర్యామ్ కొంచెం కదిలి ఉంటుంది: ప్లగ్ తీయించి, పక్కపలక విప్పించి, రెండు కర్రలనూ బయటకు తీసి మళ్ళీ చప్పుడయ్యేలా నొక్కమని మేనకోడలికి చెప్పండి.